కుక్కకు స్కానింగు, గేదెకు 1962

చోడవరం అంటే ఇప్పటికీ చాలామంది నోట విశాఖపట్నం జిల్లా అనే వస్తుంది. 2022 ఏప్రిల్ 4 నుంచి అది అనకాపల్లి జిల్లాలో ఉంది. జిల్లా పేరు మారినా చుట్టుపక్కల ఊళ్ళ బతుకు పెద్దగా మారలేదు. చెరకు, బెల్లం, వరి, పొద్దున్నా సాయంత్రం పాల కేంద్రానికి పోసే పాలు. కొత్తగా కనిపిస్తున్నదల్లా కుక్కల తిండి బస్తాలు, మెడపట్టీలు, షాంపూలు అమ్మే దుకాణాలు, పెంపుడు జంతువులకే ప్రత్యేకమని బోర్డు పెట్టిన క్లినిక్కులు. విశాఖలో ఎప్పుడో మొదలైన ఈ వ్యాపారం చిన్న పట్టణాలకూ నడిచి వస్తోంది. ఇది మంచికా చెడ్డకా అన్న తగవు మాత్రం ఇంకా తేలలేదు.

ఆ తగవే ఈ సంవాదం. ఇందులో మాట్లాడే ఇద్దరూ కల్పిత పాత్రలు. ఒకరు మాడుగుల, రావికమతం, బుచ్చెయ్యపేట మండలాల్లో చాలాకాలం పనిచేసి రిటైరైన ప్రభుత్వ పశువైద్యుడు. రెండోవారు ఆయన మేనల్లుడు. గన్నవరం పశువైద్య కళాశాలలో చదివి, చోడవరంలో కుక్కలకూ పిల్లులకూ క్లినిక్ పెట్టాడు.

మావయ్య: నీ బోర్డు చదివాను అల్లుడూ. స్కానింగు, రక్తపరీక్షలు, పళ్ళు శుభ్రం చేయడం, జుట్టు కత్తిరించడం, ఊరెళ్ళినప్పుడు కుక్కను ఉంచుకోవడం... అన్నీ రాశావు. గేదె ఊసే లేదేటి? చుట్టూ ఇన్ని పశువుల సాలలున్న చోట పశువుల డాక్టరు బోర్డు మీద పశువు లేకపోవడం నాకు మింగుడు పడలేదు.

అల్లుడు: బోర్డు మీద గేదె బొమ్మ వేస్తే గేదె వస్తుందా మావయ్యా? కుక్కను స్కూటరు మీద తెస్తారు. గేదె దగ్గరకు నేనే వెళ్ళాలి. ఒక ఊరు వెళ్ళి రావడానికి రెండు గంటలు, పెట్రోలు నా ఖర్చు. వెళ్ళాక "ప్రభుత్వ ఆసుపత్రిలో ఊరికే చేస్తారు కదా డాక్టరుగారూ" అంటారు. ఆ మాటలో తప్పు లేదు. ఊరికే దొరికే దానితో పోటీపడి క్లినిక్ అద్దె కట్టలేను కదా.

మావయ్య: ఊరికే దొరకడమేటి? ఆ వైద్యానికి డబ్బు కట్టింది ప్రజలు. నీ చదువుకీ వాళ్ళే కట్టారు. ఐదున్నరేళ్ళ డిగ్రీ, అందులో ఏడాది ఇంటర్న్‌షిప్. నువ్వు కట్టిన ఫీజు దాని అసలు ఖర్చులో ఎంత? పశువైద్య కళాశాలలు పెట్టింది పాడిరైతు కోసం. మన రాష్ట్రంలో మొదటిది 1955లో వచ్చింది, ఇప్పుడు తిరుపతిలో ఉన్నదే. 2005లో శ్రీ వేంకటేశ్వర పశువైద్య విశ్వవిద్యాలయం పెట్టినప్పుడూ చెప్పింది పాడి, గొర్రెలు, కోళ్ళ గురించే. షిట్జూ కుక్క వెంట్రుకలు దువ్వడం గురించి ఎవరూ చెప్పలేదు.

అల్లుడు: ఇంజనీరింగు కాలేజీలు పెట్టినప్పుడు కూడా అమెరికా గురించి చెప్పలేదు. వెళ్ళినవాళ్ళను మనం మెచ్చుకున్నాం, పెళ్ళి సంబంధాల్లో ముందు వరుసలో పెట్టాం. నేను ఉన్న ఊళ్ళోనే ఉన్నందుకు నన్ను నిలదీస్తున్నారు. పైగా ఆ అమెరికాకు వెళ్ళిన పిల్లల వల్లే నా క్లినిక్ నడుస్తోంది. కొడుకు డాలస్‌లో, కూతురు న్యూజెర్సీలో. ఇంట్లో మిగిలింది ఇద్దరు పెద్దవాళ్ళు, ఒక లాబ్రడార్. ఆ కుక్క ఒకరోజు తిండి మానేస్తే ఆ ఇంట్లో ఎవరూ నిద్రపోరు. అది విలాసం అని మీరంటే నేను ఒప్పుకోను.

మావయ్య: ముసలివాళ్ళ తోడు గురించి నేనేం అనను. ఆ తోడు చుట్టూ అల్లిన వ్యాపారం గురించే నా మాట. మన ఇళ్ళలో కుక్క గంజన్నం తిని, గడప కావలి కాసి పన్నెండేళ్ళు బతికేది. ఇప్పుడు దానికి ఒక వయసుకు ఒక బస్తా, ఒక జాతికి ఒక బస్తా. 2013లో స్వీడన్ శాస్త్రవేత్తలు నేచర్ పత్రికలో రాసింది చదువుకునే ఉంటావు. తోడేలుతో పోలిస్తే కుక్కలో పిండిపదార్థాన్ని అరిగించే జన్యువు ఎన్నో రెట్లు ఎక్కువ ప్రతులుగా ఉందట. మనిషి వండుకున్నది తింటూనే కుక్క కుక్క అయింది. మరి అన్నం పెట్టకూడదని ఎవరు చెప్పారు?

అల్లుడు: అన్నం పెట్టకూడదని నేను చెప్పను. పాలన్నం, పెరుగన్నం మాత్రమే పెట్టకండి అంటాను. అలా పెంచిన లాబ్రడార్ పిల్ల కాళ్ళు వంకరపోయి వస్తుంది, కాల్షియం చాలక. గడప దగ్గర కుక్కకు అన్నంతోపాటు ఎముకలు, చేపతలలు, ఎలుకలు, ఊరంతా తిరిగి దొరికినవన్నీ ఉండేవి. అపార్ట్‌మెంటులో గొలుసుతో ఉన్న కుక్కకు మనం పెట్టిందే తిండి. కోడి, గుడ్డు, కూరగాయలు కలిపి వండుకోగలిగితే ఇంటి వంట మహా బాగుంటుంది. ఉల్లి, చాక్లెట్ మాత్రం దరిచేరనివ్వొద్దని చెబుతాను. వండే తీరిక లేనివాళ్ళకే బస్తా.

మావయ్య: ఆ బస్తా మీద 18 శాతం జీఎస్టీ ఉందని, గేదె దాణా మీద లేదని తెలుసా? ఏది అవసరమో ఏది సోకో ప్రభుత్వానికే తెలిసిపోయింది.

అల్లుడు: తెలుసు. అదే ప్రభుత్వం పశువైద్యుడి సేవ మీద జీఎస్టీ వేయలేదని కూడా తెలుసు. గేదెకు చేసినా కుక్కకు చేసినా లేదు. వైద్యం దగ్గరకొచ్చేసరికి చట్టం రెంటికీ తేడా చూపలేదు. ఇంకో మాట. కోనసీమ, భీమవరం వైపు సంక్రాంతి పందెం కోడికి బాదంపప్పు, జీడిపప్పు, మటన్ కీమా పెట్టి, ఈత కొట్టించి, వేడినీళ్ళతో ఒళ్ళు కాచి పెంచుతారు. కత్తి కట్టి చంపుకోవడానికి అంత ఖర్చు పెడితే సంప్రదాయం అన్నారు. బతికించుకోవడానికి ఖర్చు పెడితే సోకా?

మావయ్య: ఆ పందేలనూ నేను సమర్థించలేదు, ఆ గొడవ నా మీదకు తోయకు. నేను చెప్పేది ఇంకా పెద్ద సంగతి. 2019 పశుగణన లెక్కల్లో మన రాష్ట్రంలో గేదెలు 62 లక్షలు, ఆవులూ ఎడ్లూ 46 లక్షలు, గొర్రెలు కోటీ 76 లక్షలు. ఐదువేల పశువులకు ఒక డాక్టరు ఉండాలని జాతీయ వ్యవసాయ కమిషన్ 1976లోనే చెప్పింది. నేను పనిచేసిన ఏ మండలంలోనూ ఆ లెక్క కుదరలేదు. ఉన్న డాక్టర్లే చాలక చస్తుంటే, కొత్తగా వచ్చిన మీరు కుక్కల వైపు తిరిగితే ఆ గొర్రెలూ గేదెలూ ఎవరి దిక్కు?

అల్లుడు: ఇప్పుడు అసలు చోటికి వచ్చారు. మనవాళ్ళు కుక్కల వైపు ఎందుకు తిరుగుతున్నారో ఎప్పుడైనా లెక్క వేశారా? లక్ష రూపాయలు చేసే గేదె ఉందనుకోండి. జబ్బు చేస్తే రైతు మనసులో ఒక గీత గీసుకుంటాడు. పదివేలు దాటితే ఆపేస్తాడు. బతికితే ఎన్ని పాలిస్తుంది, మళ్ళీ చూడి కడుతుందా, అమ్మేస్తే ఎంతొస్తుంది అని చూస్తాడు. అతనికి ప్రేమ లేక కాదు, అప్పు ఉంది కాబట్టి. వీధిలోంచి తెచ్చుకున్న కుక్కకు సంతలో రూపాయి ధర లేదు. ధర లేదు కాబట్టి దాని వైద్యానికి గీత కూడా లేదు. యజమాని చేతిలో ఎంతుంటే అంత. ప్రపంచంలో ఈ పరిశ్రమ అంతా ఆ గీత లేని చోటే పెరిగింది. అమెరికాలో పెంపుడు జంతువుల మీద పెట్టే ఖర్చు ఏడాదికి 15 వేల కోట్ల డాలర్లకు చేరింది.

మావయ్య: బాగా చెప్పావు. నా భయం కూడా అదే. గీత లేని చోటికే డబ్బు వెళుతుంది, డబ్బు వెంట మందుల కంపెనీలు వెళతాయి, వాటి వెంట డాక్టర్లు. కుక్క దురదకు కొత్త మాత్ర, కుక్క కీళ్ళ నొప్పికి కొత్త సూది, పిడుదులు పట్టకుండా నెలకో మాత్ర. గేదె పొదుగువాపుకు మాత్రం నేను ఉద్యోగంలో చేరిన నాటి మందులే ఇంకా తిప్పి తిప్పి వాడుతున్నారు. ఆ డబ్బు చివరికి డాక్టరు దగ్గరైనా ఆగుతుందా? బ్రిటన్‌లో 2013లో పెద్ద సంస్థల చేతిలో ఉన్న పశువైద్య క్లినిక్కులు పదింట ఒకటి. ఇప్పుడు పదింట ఆరు. బిల్లులు పెరిగిపోయాయని జనం గగ్గోలు పెడితే అక్కడి పోటీ నియంత్రణ సంస్థ 2023లో ఆరా మొదలుపెట్టి, 2024లో పూర్తిస్థాయి విచారణకు దిగింది. పెడిగ్రీ అమ్మే మార్స్ కంపెనీయే 2017లో అమెరికాలో వీసీఏ ఆసుపత్రుల గొలుసును కొనేసింది. తిండీ వాళ్ళదే, ఆసుపత్రీ వాళ్ళదే. రేపు నీ బోర్డు మీద కూడా ఎవరిదో పేరు ఉంటుంది. నువ్వు జీతగాడివి.

అల్లుడు: ఆ భయం నాకూ ఉంది. నగరాల్లో గొలుసు క్లినిక్కులు వస్తున్నాయి, చోడవరం దాకా రావని చెప్పలేను. కానీ కంపెనీల గురించి మీరు చెప్పిన కథకు ఇంకో ముఖం కూడా ఉంది. హైదరాబాదులో ఇండియన్ ఇమ్యునలాజికల్స్ 1982లో పుట్టింది. పుట్టించింది జాతీయ పాడి అభివృద్ధి బోర్డు, గాలికుంటు టీకా కోసం. ఈరోజు ఆ ఒక్క సంస్థే గేదెకు గాలికుంటు టీకా, కుక్కకు రేబిస్ టీకా, కుక్క కరిచిన మనిషికి వేసే టీకా కూడా తయారు చేస్తోంది. ఆవు కోసం కట్టిన ఇంట్లో కుక్కకూ చోటు దొరికింది. మరి కుక్క కోసం కట్టిన నా క్లినిక్కులో గేదెకు చోటు ఎందుకు దొరకదు?

మావయ్య: దొరికితే చూపించు మరి. మాటలు వద్దు.

అల్లుడు: చూపిస్తాను. నా దగ్గరున్న అల్ట్రాసౌండ్ యంత్రం కుక్కల ఫీజులతో కొన్నది. గేదెకు కావలసిన ప్రోబు వేరే ఉంటుంది, యంత్రం అదే. చూడి కట్టిందో లేదో మీరు చేత్తో చూసి చెప్పాలంటే రెండు నెలలు దాటాలి. దీంతో నెల రోజులకే చెప్పొచ్చు. కట్టలేదని ముందే తెలిస్తే రైతు తర్వాతి ఎదకే సూది వేయించుకుంటాడు. ఒక ఎద తప్పితే 21 రోజులు పోయినట్టే. పాలు లేని గేదెను అన్ని రోజులు మేపడం ఎంత నష్టమో మీకు నేను చెప్పాలా? ఆ యంత్రం కేవలం గేదెల మీద వచ్చే ఫీజుతో కొనాలంటే నాకు తల తాకట్టు పెట్టినా చాలదు.

మావయ్య: యంత్రం మంచిదే. గర్భసంచి మెలి పడిన గేదె ముందు ఏ యంత్రం పెడతావు? అర్ధరాత్రి కబురొస్తుంది. గేదెను పడుకోబెట్టి, పొట్ట మీద చెక్క వేసి, ఒక మనిషి దాని మీద నిలబడి, నలుగురు పట్టుకుని అది మెలి తిరిగిన వైపే దొర్లించాలి. ఎటు మెలి పడిందో లోపల చెయ్యి పెట్టి చూస్తేనే తెలుస్తుంది. అది పుస్తకంలో నాలుగు లైన్లు. ఒంటికి పట్టాలంటే పదిసార్లు బురదలో పడాలి. ఏసీ గదిలో కుక్క పళ్ళు తోమే కుర్రాడికి ఆ చెయ్యి రాదు. ఒక తరం పాటు ఆ పని మానేస్తే నేర్పేవాడు కూడా ఉండడు. నా దిగులంతా ఇదే.

అల్లుడు: ఈ మాటకు నా దగ్గర జవాబు లేదు. ఇంటర్న్‌షిప్‌లో నేను చేసినవి తక్కువే. అయితే నేను ఒక్కణ్ణి బోర్డు మార్చుకుంటే ఆ చెయ్యి బతకదు. దానికి జీతం ఇచ్చే చోటు ఉండాలి. 1962 నంబరు పశువుల అంబులెన్సులు చూడండి. 2022 మే 19న నియోజకవర్గానికి ఒకటి చొప్పున 175 మొదలుపెట్టారు, 2023లో ఇంకో 165 చేర్చారు. డాక్టరు, సహాయకుడు, పేడ, రక్తం పరీక్షించే చిన్న ల్యాబు, టన్ను బరువున్న పశువును ఎత్తే హైడ్రాలిక్ లిఫ్టు. ఫోన్ చేస్తే ఇంటి గుమ్మానికి వైద్యం. రైతు గీసుకున్న ఆ పదివేల గీతను ప్రభుత్వం తన ఖర్చుతో చెరిపిన పని అది. కుక్కల వైద్యం ఆ పని చేయదు, చేస్తుందని నేను ఎప్పుడూ చెప్పలేదు.

మావయ్య: బండి మంచిదే. కానీ ఒక నియోజకవర్గమంటే నాలుగు మండలాలు. ఒకేసారి మూడు ఊళ్ళలో గేదెలు ఈనలేక అవస్థ పడితే ఉన్న ఒకటి రెండు బళ్ళు ఎక్కడికని వెళ్తాయి? రాత్రి మాట సరేసరి. ఆ ఖాళీలో ఎవరొస్తున్నారో తెలుసా? మందుల దుకాణం కుర్రాడు. వాట్సాప్‌లో పొదుగు ఫొటో చూసి యాంటీబయాటిక్ ఇచ్చేస్తాడు. మందు వేశాక ఇన్ని పూటలు పాలు కేంద్రానికి పోయకూడదని వాడు చెప్పడు, చెప్పినా రైతు వినడు. ఆ పాలు తిరిగి తిరిగి నీ లాబ్రడార్ ఇంటికీ వస్తాయి.

అల్లుడు: అందుకే చట్టాలు కూడా బిగుసుకుంటున్నాయి. కోళ్ళకు, పశువులకు కొలిస్టిన్ వాడకాన్ని 2019లో నిషేధించారు. మనిషికి ఏ మందూ పనిచేయనప్పుడు చివరగా వాడే యాంటీబయాటిక్ అది. డైక్లోఫెనాక్ అనే నొప్పి మందు సంగతి మీకు నాకంటే బాగా తెలుసు. ఆ సూది వేసిన పశువు చచ్చిపోతే, దాన్ని తిన్న రాబందులు మూత్రపిండాలు పాడై చచ్చిపోయాయి. తొంభై శాతానికి పైగా పోయాక 2006లో పశువులకు ఆ మందు ఆపారు. అదే కారణంతో 2023లో కీటోప్రొఫెన్, ఎసెక్లోఫెనాక్ ఆపారు, 2024 చివర్లో నిమెసులైడ్ ఆపారు. మెలాక్సికామ్ ఉంది కదా, రాబందుకు హాని చేయనిది. పశువుల మందు పశువుతోనే ఆగదన్నది ఈ వృత్తిలో వచ్చిన పెద్ద మార్పు. నా గ్రూమింగు టేబులు కంటే అదే పెద్దది.

మావయ్య: అది ఒప్పుకుంటాను. నేను ఒప్పుకోలేని ఇంకో మార్పు ఉంది. పుంగనూరు ఆవు. చిత్తూరు వైపు రైతు ఇంట తక్కువ మేతతో బతికి, మడి దున్ని, నాలుగు పాలిచ్చిన జాతి అది. ఇప్పుడు దాన్ని హాల్లో సోఫా పక్కన కట్టేస్తున్నారు. 2024 సంక్రాంతికి ప్రధానమంత్రి ఇంట్లో వాటికి మేత పెట్టిన ఫొటో వచ్చాక ఇక పట్టపగ్గాల్లేవు. ఎంత పొట్టిదైతే అంత ధర. లక్షలు! పొట్టిగా ఉన్న ప్రతి దూడా పుంగనూరే అని అమ్మేస్తున్నారు. ఆవును కూడా కుక్కపిల్లను చేశారు.

అల్లుడు: మావయ్యా, ఆ జాతి అంతరించే దాకా వెళ్ళింది ఎవరి చేతిలో? రైతు చేతిలోనే. పాలు తక్కువని సంకరజాతి ఆవుల వైపు వెళ్ళాడు. అప్పుడు దాన్ని కాపాడింది పలమనేరు పశు పరిశోధనా కేంద్రం. ఇప్పుడు మోజు కొద్దీ కొనేవాళ్ళు కూడా దాని సంఖ్య పెంచుతున్నారు. పొట్టితనం కోసమే సంకరం చేస్తే ఈనడంలో కష్టం వస్తుందని, నకిలీలు ఎక్కువని మీరంటే నేనూ అంటాను. దానికి జాతి ధ్రువపత్రం, రిజిస్ట్రేషన్ కావాలి. పెంచుకోవడమే తప్పు అనడం సరికాదు.

మావయ్య: సరే, ఆవును వదిలేద్దాం. నువ్వు రోజూ చూసే కుక్కల్లో టీకాలు పూర్తిగా వేయించినవి ఎన్ని?

అల్లుడు: అక్కడ నాకూ కడుపు మండుతుంది. ముప్పైవేలు పెట్టి రాట్‌వీలర్ పిల్లను కొంటారు, ఆరు వారాలకు వేయించాల్సిన పార్వో టీకా మర్చిపోతారు. నెత్తురు విరేచనాలతో తెస్తారు. నాలుగు రోజులు సెలైన్ పెట్టి, చాలాసార్లు చేతుల్లోనే పోగొట్టుకుంటాం. రేబిస్ టీకా మూడో నెలలో వేసి, మళ్ళీ ఏడాదికి రమ్మంటే సగం మంది రారు. పళ్ళు శుభ్రం చేయించడానికి మాత్రం వస్తారు. ఈ వ్యాపారంలో సోకు ఉందని మీరన్నది ఇక్కడ నిజం.

మావయ్య: హమ్మయ్య, ఒక మాట ఒప్పుకున్నావు. నేను పల్లెల్లో చూసింది చెబుతాను. పిచ్చికుక్క కరిచేది మనుషులనే అనుకుంటారు. సాలలో కట్టేసిన గేదెను కూడా కరుస్తుంది. గేదె పారిపోలేదు. కొన్ని వారాలకు అది గొంతు పట్టి, చొంగ కారుస్తూ అరుస్తుంది. గొంతులో ఏదో అడ్డం పడిందని రైతు నోట్లో చెయ్యి పెడతాడు. గేదె చచ్చాక దాని పాలు తాగిన వాడ వాడంతా ఆసుపత్రికి పరుగు. కాచిన పాలతో రేబిస్ రాదని ఎంత చెప్పినా ఆ భయం తీరదు. వచ్చే ప్రమాదమంతా ఆ నోట్లో పెట్టిన చేతికే.

అల్లుడు: అంటే గేదెను కాపాడాలంటే ముందు కుక్కకు టీకా వేయాలి!

మావయ్య: నన్ను నా మాటతోనే పట్టుకున్నావు. అవును, వేయాలి. ఊళ్ళో కుక్కల్లో 70 శాతానికి టీకా పడితే జబ్బు గొలుసు తెగుతుందని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఎప్పటినుంచో చెబుతోంది. లోకంలో రేబిస్ చావుల్లో మూడో వంతుకు పైగా మన దేశంలోనే. కుక్కల ద్వారా వచ్చే రేబిస్‌ను 2030 కల్లా లేకుండా చేస్తామని 2021లో జాతీయ ప్రణాళిక కూడా ప్రకటించారు. కానీ నువ్వు టీకా వేసేది గొలుసు ఉన్న కుక్కకు. కరిచేది ఎక్కువగా గొలుసు లేనిది. దానికి ఫీజు ఎవరిస్తారు?

అల్లుడు: ఎవరూ ఇవ్వరు. 2023 నాటి జంతు జనన నియంత్రణ నియమాల ప్రకారం అది స్థానిక సంస్థల బాధ్యత, పంచాయతీ అయినా సరే. 2025 ఆగస్టు 22న సుప్రీంకోర్టు కూడా పట్టుకుని, శస్త్రచికిత్స చేసి, టీకా వేసి, ఉన్న చోటే వదలమని చెప్పింది. రేబిస్ సోకినవాటిని, మరీ దూకుడుగా ఉన్నవాటిని మాత్రం వదలకూడదంది. నవంబరులో బడులు, ఆసుపత్రులు, బస్టాండ్ల ఆవరణల నుంచి తీసేయమంది. ఆదేశాలు ఢిల్లీ నుంచి వస్తాయి. చేసే చేతులు ఏవీ? నగరపాలక సంస్థలకే ఊపిరాడటం లేదు, పల్లెల్లో ఎవరు చేస్తారు? ఆ చేతుల్లో నావి కూడా వాడుకోమంటాను. పంచాయతీ టీకా మందు ఇస్తే, పట్టేవాళ్ళను ఇస్తే, నెలకు రెండు ఆదివారాలు నేను రూపాయి తీసుకోకుండా చేస్తాను.

మావయ్య: మరి గేదె?

అల్లుడు: గేదె విషయంలో నా వల్ల అయ్యేది రెండు పనులు. వారంలో ఒక పూట స్కానింగు యంత్రం పాల కేంద్రాల దగ్గరకు తెస్తాను, పశువుకింత అని తక్కువ ఫీజు. రెండోది, మీరు ఆ చెయ్యి తిప్పే విద్య నాకు నేర్పాలి. మెలి పడిన కేసు వస్తే ఇద్దరం వెళ్దాం. కానీ ఆ గీత సంగతి మాత్రం నేను తేల్చలేను. అది బీమాతో తేలాలి. జాతీయ పశుసంపద మిషన్ కింద 2024 ఫిబ్రవరిలో రైతు కట్టాల్సిన ప్రీమియం వాటాను 15 శాతానికి తగ్గించారు. మిగతాది కేంద్రం, రాష్ట్రం పంచుకుంటాయి. చెవికి పోగు ఉన్న గేదె, బీమా ఉన్న గేదె చచ్చిపోతే రైతు మళ్ళీ అప్పు చేయనక్కర్లేదు. ఎంతమంది చేయిస్తున్నారు?

మావయ్య: తక్కువే. కాగితాలంటే భయం. చచ్చినప్పుడు డబ్బు వస్తుందన్న నమ్మకం లేదు. ఆ నమ్మకం కలగాలంటే ఊళ్ళో ఒక గేదెకు సకాలంలో డబ్బు రావాలి, అందరూ చూడాలి. నేర్పడం అంటావా, నేర్పుతాను. రాత్రి రెండు గంటలకు ఫోను ఎత్తాలి మరి.

అల్లుడు: ఎత్తుతాను. కానీ బోర్డు మీద గేదె బొమ్మ వేయను.

మావయ్య: వేయకపోతే వేయకు. నీ క్లినిక్ మీద నాకున్న అనుమానం పూర్తిగా పోలేదు, పోదు కూడా.

ఇద్దరిలో ఎవరూ పూర్తిగా నెగ్గలేదు, పూర్తిగా ఓడలేదు. మేనల్లుడు చెప్పినట్టు పెంపుడు జంతువుల వైద్యం ఎవరూ ఆపలేని మార్పు. దాని వెంట పరికరాలు, పరీక్షలు, చదువుకున్న కుర్రవాళ్ళు చిన్న పట్టణాలకు వస్తున్నారు. మావయ్య చెప్పినట్టు ఆ మార్పు తనంతట తాను పశువుల సాలలోకి రాదు. కుక్క వైద్యాన్ని యజమాని జేబు చూసుకుంటుంది. గేదె, గొర్రె, వీధికుక్క, ఈ మూడింటి వైద్యం ప్రజాధనంతోనే జరగాలి. పెట్ క్లినిక్కులు పెరిగాయి కదా అని పశువుల ఆసుపత్రుల ఖాళీలు నింపకుండా వదిలేస్తే నష్టపోయేది పాడిరైతు ఒక్కడే కాదు. ఆ పాలు తాగే అందరమూ నష్టపోతాం.

పాఠకులు తమ వంతుగా చేయగలిగినవి కొన్ని ఉన్నాయి. జూలై 6 ప్రపంచ జూనోసిస్ దినం, అంటే జంతువుల నుంచి మనుషులకు సోకే జబ్బుల గురించిన రోజు. ఆ రోజు పశువుల ఆసుపత్రుల్లో కుక్కలకు రేబిస్ టీకా ఉచితంగా వేస్తారు. మీ కుక్కను తీసుకెళ్ళండి, మీ వీధిలో అన్నం పెట్టే కుక్కను కూడా తీసుకెళ్ళండి. కుక్క కరిస్తే పావుగంట సేపు సబ్బు, నీళ్ళతో కడిగి, అదే రోజు ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్ళండి. పశువు గొంతు పట్టి చొంగ కారుస్తుంటే నోట్లో చెయ్యి పెట్టకండి. 1962కు ఫోన్ చేయండి. గేదెకు చెవి పోగు వేయించి, బీమా చేయించండి. ఊరి పశువుల ఆసుపత్రిలో డాక్టరు పోస్టు ఖాళీగా ఉంటే గ్రామసభలో లేచి అడగండి.